అవ్వ కొండకు పోయింది: తల్లులకు పాఠాలు చెప్పిన నా ఉద్యోగం

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. మీరేం పని చేస్తున్నారో మీ ఇంట్లోవాళ్ళకు ఎప్పటికీ అర్థం కాదు. తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, చుట్టుపక్కల పల్లెల్లో తల్లులకు శిక్షణ ఇవ్వబోతున్నానని చెప్పినప్పుడు మా అత్తగారు, "తల్లులకు శిక్షణేమిటి?" అన్నారు. బడికి పోయే వయసు రాని పిల్లలకు తమ మనసులో ఏముందో, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తెలుసుకోవడం అలవాటు కావాలి, అది తల్లులు ఎలా చేయాలో చెప్తానన్నాను. ఆవిడ గుమ్మంలో తలా ఒక దిక్కుకు పడి ఉన్న మా ఆయన చెప్పుల వైపు చూసి, "అప్పట్లో నాకెవరూ చెప్పలేదమ్మా, ఏం చేసేది" అని లోపలికి పోయారు.

నా పేరు వకుళ. మా నాన్నగారు సంస్కృత పండితులు. అందువల్ల నా తెలుగు మడి కట్టుకుని ఉండేది. పల్లెల్లో తిరగడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ఆ మడి చెడింది, నా పేరు ఒకులమ్మ అయింది. రెండూ నా మంచికే జరిగాయి.

ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ ఇక్కడ రాయను. రాస్తే నాకే నిద్ర వస్తుంది. తొంభైల చివర్లో చంద్రగిరి అవతల ఒక ఊళ్ళో జరిగిందే ఎక్కువగా రాస్తాను. ఈ ఉద్యోగం ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

ఎవురి బావ?

మా డైరెక్టరు గారు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. మంచి మనిషి. ఒక్కటే చిక్కు, ఎదురుగా ఎవరు కూర్చున్నా ఆయనకు ఎం.ఏ. విద్యార్థుల్లాగే కనిపించేవారు.

ఆ ఊరి అంగన్‌వాడీ వరండాలో మొదటి సమావేశం. ఆడవాళ్ళు చాటల్లో శనక్కాయలు పెట్టుకుని ఒలుచుకుంటూ కూర్చున్నారు. డైరెక్టరు గారు లేచి గొంతు సవరించుకుని, "పసిపిల్లల్లో భావోద్వేగ పరిజ్ఞానం..." అని మొదలుపెట్టారు.

"ఎవురి బావ సార్?" అని ఒక గొంతు లేచింది.

వరండా అంతా నవ్వు. అడిగిన మనిషి పేరు రెడ్డెమ్మ. వయసు ఇరవై దాటి ఎంతో కాలేదు. పక్కన మూడేళ్ళ కూతురు బిందు, కడుపులో ఇంకో బిడ్డ. తెలియక అడిగిందో, వేళాకోళానికి అడిగిందో ముఖం చూస్తే తెలిసేది కాదు. చివరిదాకా నాకు తెలియలేదు.

డైరెక్టరు గారు నవ్వలేదు. సంచిలోంచి బొమ్మల అట్టలు తీశారు. ఏ దేశపు పిల్లవాడో, పసుపు జుట్టు, నీలి కళ్ళు. ఒక్కో అట్ట మీద ఒక్కో ముఖకవళిక. ఏడుపు ముఖం చూపించి ఇదేమిటని అడిగితే, "జొరమొచ్చిన బిడ్డ" అన్నారు. కోపం ముఖం చూపిస్తే, "పాపం, కడుపు బిగదీసుకోనుండాది, ఆముదం పట్టాల" అన్నారు. ఆశ్చర్యం ముఖానికి ఎవరో గిల్లారని తీర్పు చెప్పారు. మధ్యాహ్నం దాటింది. ఎండ వరండాలోకి వచ్చింది. డైరెక్టరు గారి గొంతు పెరిగింది. "మీరు శ్రద్ధగా చూడటం లేదు!" అని అట్టలు టపటపా కొట్టారు.

అప్పుడు రెడ్డెమ్మ అత్త నాగమ్మ, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని గోడకానుకుని కూర్చున్న పెద్దామె, ఎంతో మర్యాదగా అడిగింది. "సార్, ఇప్పుడు మీకు కోపమా, ఆకలా?"

డైరెక్టరు గారు అట్టలు కింద పెట్టారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆకలేనమ్మా" అన్నారు.

ఆ పూట నాగమ్మ ఇంట్లో సంగటి, పులగూర తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన, "వకుళా, ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఈ తల్లులు పిల్లలను అడిగితే చాలు, మన పని అయినట్టే. ఆ అట్టలు ఇంక తేవద్దు" అన్నారు. పైవాళ్ళలో ఇలాంటివాళ్ళు అరుదుగా దొరుకుతారు. మీకు దొరక్కపోతే నిరాశపడకండి, ముందు భోజనం పెట్టి చూడండి.

ఉన్న మాటలే

అలక, రోషం, ఉక్రోషం, బెంగ, దిగులు, బెదురు, ఈసు, గారాం. ఇవన్నీ ఆ ఊరి ఆడవాళ్ళకు నేను నేర్పాల్సిన మాటలు కావు. ఎప్పుడూ నోట్లో ఆడుతుండేవే. చిక్కల్లా అవి పిల్లల మీదికి రాళ్ళలాగా వచ్చేవి. "అబ్బా, దీని రోషం సూడు!" "తమ్ముడంటే ఏందే నీకంత ఈసు?" ఆ పిల్లకు తెలిసేదల్లా, ఈసు అంటే తన్నులు తినే పని అని. అందువల్ల పిల్ల దాన్ని దాచుకోవడం నేర్చుకుంటుంది, తెలుసుకోవడం నేర్చుకోదు.

నేను చెప్పిందల్లా ఆ మాటనే తిప్పి పట్టుకోమని. "తమ్ముడ్ని ఎత్తుకున్నానని నీకు ఈసుగా ఉండాదా?" అని పిల్ల పక్కన కూర్చుని అడగమని. ఇంతేనా అని మీకు అనిపిస్తుంది. ఇంతే. పొయ్యి మీద ఎసరు పొంగుతూ, గొడ్లు అరుస్తూ, చంకలో చిన్నోడు ఏడుస్తూ ఉన్నప్పుడు ఈ ఇంతే ఎంత కష్టమో పల్లెకు పోయి చూడండి. తల్లులను తక్కువ చేసి మాట్లాడే బుద్ధి అక్కడే వదిలిపోతుంది.

రెండోది ఎదుటివాళ్ళ మనసు. దీనికి ఒక ఆట ఉండేది. రెడ్డెమ్మ వాళ్ళ ఇంట్లోనే ఆడి చూపించాను. నాగమ్మ అందరి ముందూ బెల్లం ముక్క చట్టిలో పెట్టి, పెరట్లోకి పోయింది. ఆమె లేనప్పుడు నేను దాన్ని తీసి బుట్టలో పెట్టాను. "బిందూ, ఇప్పుడు అవ్వ వచ్చి బెల్లం కోసం యాడ చూస్తుంది?" అన్నాను.

"బుట్టలో" అంది బిందు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

మూడేళ్ళ పిల్లలు చాలామంది అలాగే చెప్తారు. తనకు తెలిసింది లోకానికంతా తెలుసనుకునే వయసు అది. నాలుగు దాటి ఐదుకు వచ్చేసరికి, "అవ్వ చూడలేదు కదా, చట్టిలోనే వెతుకుతుంది" అనడం మొదలుపెడతారు. ఇంట్లో మనుషుల గురించి, వాళ్ళేమనుకుంటున్నారో ఏం కోరుకుంటున్నారో మాట్లాడుతుండే తల్లుల పిల్లలకు ఇది తొందరగా పట్టుబడుతుంది. నా అనుభవం అది.

ఈ ఆట ఊరంతా పాకింది. మరుసటి వారం నేను పోయేసరికి ఆడవాళ్ళు పిల్లలను వదిలేసి మొగుళ్ళ మీద పడ్డారు. "మా ఇంటాయనకు నేను మనసులో అనుకునేది ఒక్కటీ తెలీదు మేడమ్. ఆయనకింకా మూడేళ్ళు నిండలా" అని ఒకామె గట్టిగా చెప్పింది.

నాగమ్మ భర్త చెంగల్రాయుడు ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. చెరుకు తోట, బెల్లం గానుగ ఉన్న రైతు. ఊళ్ళో మాట చెల్లే మనిషి. నేను కనిపిస్తే చాలు, పట్టుకునేవాడు.

"ఒకులమ్మా, మా యమ్మ గంపెడు పిలకాయల్ని కనింది. ఒక్కరినన్నా నీ మనసెట్టుండాది నాయనా అని అడగలా. మేమేమన్నా చెడిపోయినామా?"

లోపలి నుంచి నాగమ్మ, "ఆ సంగతి నన్నడగాల మేడమ్" అనేది.

ఆయన కండువా దులుపుకుని నవ్వేవాడు. ఆమె మాట తనదాకా వచ్చిందని ఒప్పుకోవడానికి ఆయనకు వేరే పద్ధతి లేదు.

ఇక్కడే ఇంకొక మాట. అతిగా చదివిన విద్యార్థిని కూడా ప్రమాదమే. నగరిలో మగ్గాల వీధిలో ఒక తల్లి నేను చెప్పింది మంత్రంలాగా పట్టుకుంది. కొడుకు లేచింది మొదలు, "నీకిప్పుడు కోపమా కన్నా? దిగులా? బెదురా?" అని వెంటపడేది. నా ముందే ఒకరోజు ఆ నాలుగేళ్ళవాడు ఇడ్లీ నోట్లో పెట్టుకుని, "సుమ్మా ఉండుమా, తింటా ఉండాను" అన్నాడు. ఊరికే ఉండమని వాళ్ళ తమిళం కలిసిన తెలుగు. ఆ తల్లికి నేను చెప్పాల్సిన పాఠం వాడు చెప్పేశాడు.

అవ్వ యాడ?

రెడ్డెమ్మకు కొడుకు పుట్టాడు. వాడు బోర్లపడే రోజుల్లో నాగమ్మ చనిపోయింది. పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయిందట. బిందు అప్పటికింకా నిద్ర లేవలేదు. ఎవరో ఆ పిల్లను అలాగే దుప్పటితో ఎత్తుకుని పక్క వీధిలో చుట్టాలింటికి తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత తీసుకొచ్చేసరికి ఇల్లు కడిగేసి ఉంది, అవ్వ మంచం లేదు.

"అవ్వ యాడ తాతా?" అంది.

"కొండకు పోయిందమ్మా. దేవుడికాడ ఉండాది" అన్నాడు చెంగల్రాయుడు.

మా వైపు కొండ అంటే ఒకటే కొండ. వాళ్ళ మిద్దె ఎక్కితే ఆ కొండల వరుస కనిపిస్తుంది. బిందు దాని వైపు చూసి, "అవ్వకు మోకాళ్ళనొప్పి గదా, ఎట్ట ఎక్కింది?" అంది.

"బస్సులో పోయిందిలే."

"నాకు సెప్పలా?"

"నువ్వు నిద్రపోతా ఉంటివి."

అబద్ధం ఒకసారి బయల్దేరితే దానికి బస్సు కూడా మనమే చూడాలి. ఆ చివరి మాటతో వచ్చింది తంటా. ఆ రోజు నుంచి బిందు నిద్రపోవడం మానేసింది. తల్లి కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుని కళ్ళు తెరుచుకుని పడుకునేది. కునుకు పట్టినా ఉలిక్కిపడి లేచి, ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకునేది. తాయెత్తు కట్టించారు, దిష్టి తీశారు, చంద్రగిరిలో డాక్టరుకు చూపించి బలానికి మందు తాపారు. పిల్ల చిక్కిపోయింది. నెలలు గడిచినా మార్పు లేదు.

రెడ్డెమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి ఇదంతా చెప్పి, "ఏం జేసేది మేడమ్?" అంది. ఆ రోజు ముఖంలో వేళాకోళం లేదు.

"నిద్రపోతే మనుషులు వెళ్ళిపోతారని భయపడుతోంది. జరిగింది చెప్పాలి రెడ్డెమ్మా. చచ్చిపోయింది అనే మాటే వాడి చెప్పాలి."

"మా మామ ఒప్పుకోడు. ఆయన ముందర అత్త పేరు గూడా ఎత్తేదానికి లేదు."

ఆయనతో నేనే మాట్లాడాను. తిన్నె మీదే ఉన్నాడు. ఎప్పటిలాగా నవ్వలేదు.

"పసిబిడ్డకు సావు గురించి సెప్పమంటావా? మీ సదువు మా ఇంట్లో ఇంతవరకు సాగనిచ్చినాను. ఇది వద్దు తల్లీ" అన్నాడు.

నేను వాదించలేదు. ఇలాంటప్పుడు మీకు నోరు ఊరుకోదు, నాకు తెలుసు. కానీ ఆ మాట చెప్పాల్సింది ఆ ఇంటివాళ్ళే, మనం కాదు. మనం చెప్పేసి సాయంత్రం బస్సుకు పోతాం, ఆ పిల్ల మిగతా ప్రశ్నలు ఎవరిని అడుగుతుంది? మనం చేయగలిగింది తల్లిని సిద్ధం చేయడం. నేను పోయినప్పుడల్లా పెరట్లో ఆ పని చేశాం. నాటకంలాగా నేను బిందు, రెడ్డెమ్మ రెడ్డెమ్మే. "అవ్వ యాడ?" అని నేను అడిగేదాన్ని. "అవ్వ సచ్చి..." దగ్గరే ఆమెకు ఏడుపు వచ్చేది.

"ఏడుపొస్తే ఎట్ట మేడమ్?"

"ఏడుస్తూ చెప్పు. నీకు కూడా దిగులుందని పిల్లకు తెలిస్తే తప్పేమీ లేదు."

కళ్ళు తుడుచుకుని, "మీరు బిందు మాదిరి లేరు మేడమ్, మా అత్త మాదిరి ఉండారు. అందుకే ఏడుపొస్తా ఉండాది" అనేది. ఏడుపులో కూడా నన్ను వదిలేది కాదు.

కొండ మీద

పిల్లవాడికి ఏడాది నిండింది. పుట్టెంటికలు తీయించడానికి కొండకు పోతూ, తిరుపతిలో బస్సు మారేటప్పుడు నన్నూ కలుపుకున్నారు. రెడ్డెమ్మ, ఆమె భర్త మునిరత్నం, చెంగల్రాయుడు, పిల్లలిద్దరు. ఆ రోజు బిందును చూడాలి. కొత్త పావడా కట్టుకుని, రెండు జడలు వేయించుకుని, బస్సు ఎక్కింది మొదలు కిటికీకి అతుక్కుపోయింది. ఎన్నో నెలల తర్వాత ఆ పిల్ల ముఖంలో కళ కనిపించిందని నేను సంతోషించాను. అది ఎందుకు వచ్చిన కళో ఆలోచించినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు, నేనూ లేను. తల్లులకు మనసులు చదవడం నేర్పే మేడమ్ పక్క సీట్లోనే కూర్చుని పులిహోర తింటోంది.

కల్యాణకట్టలో పిల్లవాడు పైకప్పు లేచిపోయేట్టు ఏడుస్తుంటే అందరం వాడి చుట్టూ చేరాం. చెంగల్రాయుడు కూడా గుండు కొట్టించుకున్నాడు. గంధం పూసుకుని బయటికి వచ్చి లెక్క చూసుకుంటే బిందు లేదు.

మునిరత్నం మైకులో చెప్పించడానికి పరిగెత్తాడు. చెంగల్రాయుడు జనంలో పడి, "బిందూ, బిందూ" అని అరుస్తూ అటూ ఇటూ తిరిగాడు. ఎటు చూసినా మనుషులే. రెడ్డెమ్మ మాత్రం చంకలో బిడ్డతో నిలబడిపోయింది. పెదవులు కదులుతున్నాయి.

"అవ్వ కోసం పోయింది" అంది. "పొద్దున బస్సులో నన్నడిగింది, కొండ ఇంకెంత దూరమని. అవ్వ కోసమే వచ్చింది మేడమ్ అది."

"గుడి వైపు పోయిందేమో" అన్నాను.

"పోదు. మా అత్త మోకాళ్ళనొప్పితో నిలబడలేదు గదా. యాడికి పోయినా మొదట కూచునే జాగా వెతుక్కుంటాది. దానికది తెలుసు. ముసిలోళ్ళు కూచునే తావులో సూడాల."

నాకు ఆ ఆలోచన రాలేదు. ఇద్దరం నీడ ఉన్న మండపాల వెంట పోయాం. మొదటిదానిలో లేదు. రెండోదానిలో యాత్రకు వచ్చిన ముసలామెలు బారులు తీరి కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. చాలామందికి గుండ్లు. వాళ్ళ మధ్య రెండు జడల పిల్ల ఒక్కొక్కరి ముందూ ఆగుతోంది, వంగి ముఖంలోకి తేరిపార చూస్తోంది, పక్కకు జరుగుతోంది. ఒక తమిళ అవ్వ ఆ పిల్ల చేతిలో లడ్డు ముక్క పెట్టి ఏదో అడుగుతోంది.

బిందు మమ్మల్ని చూసి పరిగెత్తుకు రాలేదు. విసుగ్గా, "అందరికీ గుండే ఉండాదిమా. మన అవ్వను ఎట్ట కనుక్కునేది?" అంది.

అప్పటికే చెంగల్రాయుడు మా వెనకాలే చేరుకున్నాడు. రొప్పుతూ, "అవ్వ ఈడ లేదమ్మా, ఇంకా పైన..." అని మొదలుపెట్టాడు.

"ఉండండి మామా" అంది రెడ్డెమ్మ.

ఆ ఇంట్లో అంతకుముందు ఆమె మామ మాటకు అడ్డుపడగా నేను చూడలేదు. ఆయన కూడా చూడలేదనుకుంటాను, నోరు మూసుకుని స్తంభం పక్కకు జరిగాడు. రెడ్డెమ్మ చిన్నవాడిని నా చేతికిచ్చి, నేల మీద కూర్చుని బిందును ఒళ్ళోకి లాక్కుంది.

"అవ్వ కొండకు రాలా బిందూ. అవ్వ సచ్చిపోయింది."

"సచ్చిపోతే?"

"ఇంక లేవదు. మాట్లాడదు."

"అన్నం తినదా?"

"తినదు."

"మోకాళ్ళు నొప్పెత్తవా?"

"ఎత్తవు తల్లీ. ఏ నొప్పీ ఉండదు."

"మళ్ళా వస్తాదా?"

"రాదు." ఆమె ఏడుస్తూనే చెప్పింది. "నువ్వు నిద్రపోయినందుకు పోలా. మేలుకోనున్నా పోయుండేది. నువ్వేం జెయ్యలా."

బిందు చాలాసేపు తల్లి కన్నీళ్ళను వేలితో తాకుతూ కూర్చుంది. తర్వాత అటూ ఇటూ చూసి, తల్లి చెవి దగ్గరికి పోయి అడిగింది. చిన్నపిల్లల గుసగుస కదా, మాకందరికీ వినిపించింది.

"తాతకు తెలుసా?"

ఇది మేం పెరట్లో సాధన చేసిన ప్రశ్న కాదు. రెడ్డెమ్మ నా వైపు చూసింది.

"తెలీదు" అని బిందూనే చెప్పుకుంది. "కొండకు పోయిందనుకుంటా ఉండాడు పాపం. తాతకు సెప్పొద్దుమా. ఏడుస్తాడు."

ఎదుటి మనిషి మనసులో వేరే లోకం ఉంటుందని పిల్లలకు తెలియడం గురించి నేను ఎన్నో ఊళ్ళలో మాట్లాడాను. అది తెలిసిన పిల్ల మొట్టమొదట దాంతో ఏం చేస్తుందో ఆ మండపంలో చూశాను. తాతను కాపాడాలని చూసింది.

స్తంభం పక్కన చెంగల్రాయుడు కిందికి జారి కూర్చున్నాడు. కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గంధం పూసిన గుండు, భుజాలు అదురుతున్నాయి. నాగమ్మ పోయిన రోజు కూడా ఆయన కంట నీరు చూడలేదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.

"సెప్పేసినావామా?" అని బిందు తల్లి మీద కోప్పడింది.

"లేదే. తాతకు ముందే తెలుసు."

బిందు లేచి పోయి తాత ముందు నిలబడింది. "తెలిసి గూడా ఏడవలేదా?"

"లేదు తల్లీ."

"ఏం?"

ఆయన కండువా తీసి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "సిగ్గయింది" అన్నాడు.

బిందుకు ఆ జవాబు సరిపోయినట్టుంది. చేతిలోని లడ్డు ముక్క ఆయన నోట్లో పెట్టింది. మా భాష ముక్క తెలియని ఆ తమిళ అవ్వ పాకుతూ వచ్చి తాత వీపు నిమురుతూ, "అళాదే, అళాదే" అని ఏడవొద్దని ఓదార్చింది. మునిరత్నం కొండంతా వెతికి చెమటలు కక్కుతూ వచ్చేసరికి పిల్ల నిమ్మళంగా ఉంది, తన నాయన ఏడుస్తున్నాడు. ఎవరు తప్పిపోయారో ఆయనకు కాసేపు అర్థం కాలేదు.

దిగేటప్పుడు

ఒకసారి చెప్పేస్తే అయిపోయిందనుకోకండి. పిల్లలు ఒక్క సంగతినే అన్ని వైపుల నుంచీ అడుగుతారు. చెప్పినవాళ్ళ మీద నమ్మకం కుదిరితే ఇంకా ఎక్కువ అడుగుతారు. అలా అడగడమే మీ పని ఫలించిందనడానికి గుర్తు. మా డైరెక్టరు గారు దీనికి ఒక పెద్ద పేరు చెప్పేవారు, మరిచిపోయాను.

దిగే బస్సులో బిందు తాత ఒళ్ళో కూర్చుంది. వాళ్ళ వెనక సీట్లో నేను, రెడ్డెమ్మ. రెండు మలుపులు దిగామో లేదో, బస్సంతా వినపడేలా అడిగింది. "తాతా, నువ్వు గూడా సచ్చిపోతావా?"

ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగారు. ఒకాయన, "ఛ, కొండ మీద ఏం మాటలవి" అన్నాడు. రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోతాను" అన్నాడు చెంగల్రాయుడు.

"ఎప్పుడు?"

"ఇప్పుడిప్పుడే కాదులే. చెరుకు కొట్టాల. గానుగ ఆడించాల. నిన్ను బడిలో ఎయ్యాల. చానా పనుండాది."

బిందు కిటికీలోంచి చెట్లను చూసింది. "అయితే, పోయేటప్పుడు నన్ను లేపి సెప్పు" అంది.

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. అన్నాళ్ళలో చెంగల్రాయుడు నన్ను సాయం అడిగింది ఆ ఒక్కసారే. నేను తల అడ్డంగా ఆడించాను. దానికి నాకు ఏ పాఠంలోనూ జవాబు లేదు. బస్సు ఇంకొక మలుపు తిరిగింది.

"లేపేదానికి అవతాదో లేదో నాకు తెలీదు తల్లీ" అన్నాడు చివరికి. "ఈ పొద్దు మాత్రం యాడికీ పోను. నువ్వు పండుకో."

బిందు ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. తర్వాత ఆయన పొట్టకు తల ఆనించింది. కింది మలుపు వచ్చేసరికి నోరు తెరుచుకుని నిద్రపోయింది. రెండు చేతులూ ఖాళీగా, వదులుగా వేలాడుతున్నాయి. రెడ్డెమ్మ నా భుజం మీద తల పెట్టి, నా చీర అంతా తడిపింది.

తిరుపతిలో బస్సు ఆగింది. జనం దిగిపోయారు. చెంగల్రాయుడు కదలలేదు. కాలు తిమ్మిరెక్కిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "పాపను నేనెత్తుకుంటాను, మీరు కాస్త లేచి నిలబడండి" అన్నాను.

"వద్దు ఒకులమ్మా" అన్నాడు. "యాడికీ పోనని సెప్పినాను గదా."